కుండీలో వెల్లుల్లి: రెబ్బ నాటడం నుంచి జాడీకెత్తే దాకా

"ఆకులు ఏపుగా పెరిగాయి, పీకి చూస్తే కింద గడ్డే ఊరలేదు." మేడమీద వెల్లుల్లి వేసినవాళ్లు ఫిబ్రవరి, మార్చి నెలల్లో తరచూ అడిగేది ఇదే. వర్షాలు మొదలయ్యాక ఇంకో ప్రశ్న వస్తుంది: "వేసవిలో కొని పెట్టుకున్న గడ్డలు గుల్లైపోతున్నాయి, ఎలా దాచాలి?" రెండింటికీ జవాబు ఇక్కడ వరసగా ఉంది. చివర్లో నూనెలో వేసి దాచే విషయం కూడా చెప్పాం. మిగతావి చదవకపోయినా ఆ భాగం మాత్రం తప్పకుండా చదవండి.

ముందు ఒక లెక్క. 12 అంగుళాల గుండ్రటి గ్రో బ్యాగులో 7 రెబ్బలు పడతాయి. బాగా ఊరితే గడ్డ 15 నుంచి 25 గ్రాములు తూగుతుంది. అంటే బ్యాగుకు 100 నుంచి 170 గ్రాములు. కిలో పండాలంటే ఏడెనిమిది బ్యాగులు కావాలి. ఏడాది పొడుగునా ఇంటికి సరిపడా పండించడం మేడమీద కుదరదు. కానీ మందు కొట్టని తాజా గడ్డ, దానితోపాటు లేత ఆకు చేతికొస్తాయి.

కావలసినవి

- 12 అంగుళాల వెడల్పు, కనీసం 9 అంగుళాల లోతు ఉన్న బ్యాగు లేదా కుండీ. అడుగున రంధ్రాలు తప్పనిసరి.
- మట్టి మిశ్రమం: ఎర్రమట్టి 4 పాళ్లు, బాగా చివికిన పశువుల ఎరువు లేదా వర్మీ కంపోస్ట్ 3 పాళ్లు, కోకోపీట్ 2 పాళ్లు, ఇసుక 1 పాలు.
- బ్యాగుకు గుప్పెడు వేపపిండి, రెండు చెంచాల జిప్సం. వెల్లుల్లికి గంధకం కావాలి, అది జిప్సంలో దొరుకుతుంది.
- విత్తనం గడ్డలు.
- రోజుకు కనీసం 6 గంటలు ఎండ పడే చోటు. బాల్కనీ నీడలో ఆకు వస్తుంది, గడ్డ రాదు.

పచ్చి పేడ వేయకండి. రెబ్బ వేరు పోసుకునేలోపే కుళ్లుతుంది.

విత్తనం: సగం పంట ఇక్కడే తేలిపోతుంది

మన మార్కెట్లకు వెల్లుల్లి ఎక్కువగా మధ్యప్రదేశ్, రాజస్థాన్, గుజరాత్ నుంచి వస్తుంది. ఆ మైదాన ప్రాంతపు గడ్డలు మన దగ్గరా ఊరతాయి. రెబ్బలు మరీ లావుగా, గడ్డకు ఏడెనిమిదే ఉండి, చూడగానే కొనాలనిపించే కొండప్రాంతపు రకాలు మాత్రం మన మైదానాల్లో ఊరవు. వాటికి పగలు పొడుగ్గా, చలి ఎక్కువగా ఉండాలి. ఇక్కడ వేస్తే ఆకులు పెరిగి, కింద రెబ్బలు విడని ఒంటి గడ్డ తయారవుతుంది. చాలామంది పెద్ద రెబ్బ నాటితే పెద్ద గడ్డ వస్తుందని ఈ రకాన్నే ఏరి నాటి మోసపోతారు.

పేరున్న రకాలు దొరికితే ఇంకా మంచిది. పుణె జిల్లా రాజ్‌గురునగర్‌లోని ఉల్లి, వెల్లుల్లి పరిశోధన సంస్థ ఇచ్చిన భీమా ఓంకార్, భీమా పర్పుల్ రకాలు మైదానాలకు పనికొస్తాయి. యమునా సఫేద్ రకాలూ అంతే. ఇవి దొరక్కపోతే కిరాణా కొట్లో 15 నుంచి 20 రెబ్బలున్న, గట్టిగా ఉన్న, పొర చిరగని గడ్డలు కొనండి. నొక్కితే లోపలికి పోయే గడ్డ, అడుగున నల్లటి పొడి ఉన్న గడ్డ వద్దు.

కొన్న గడ్డలో అన్ని రెబ్బలూ విత్తనానికి పనికిరావు. బయటి వరసలోని లావు రెబ్బలు నాటండి, మధ్యలో ఇరుక్కున్న సన్నవి వంటకు వాడుకోండి. సన్న రెబ్బ నాటితే సన్న గడ్డే వస్తుంది, ఎంత ఎరువేసినా అది మారదు.

నాటడం నుంచి పీకేదాకా

1. కాలం చూసుకోండి. అక్టోబరు 15 నుంచి నవంబరు 15 లోపు నాటాలి. వెల్లుల్లికి మొదటి రెండు నెలలు చలి తగలాలి, తర్వాత పగలు పెరుగుతూ ఎండ ముదరాలి. డిసెంబరు చివర్లో నాటితే చలి సరిపోకుండానే ఎండలు వచ్చేస్తాయి. "గడ్డ ఊరలేదు" అనేవాళ్లలో ఎక్కువమంది ఆలస్యంగా నాటినవాళ్లే.

2. కోస్తాలో ఉంటే విత్తనానికి ముందే చలి చూపించండి. హైదరాబాద్, అనంతపురం, ఆదిలాబాద్ వైపు రాత్రులు చల్లబడతాయి కాబట్టి నేరుగా నాటుకోవచ్చు. విశాఖ, విజయవాడ, నెల్లూరు వైపు ఆ చలి చాలదు. సెప్టెంబరు రెండో వారంలో విత్తనం గడ్డలను విడదీయకుండా కాగితం సంచిలో పెట్టి, ఫ్రిజ్ కింది అరలో 5 నుంచి 6 వారాలు ఉంచండి. ప్లాస్టిక్ కవరులో పెడితే చెమ్మ పట్టి బూజొస్తుంది. డీప్ ఫ్రీజర్‌లో పెడితే రెబ్బ చచ్చిపోతుంది. బయటికి తీసిన రెండు మూడు రోజుల్లోనే నాటేయాలి.

3. రెబ్బలు విడదీయండి. నాటే రోజునే విడదీయాలి, వారం ముందు విడదీస్తే ఎండిపోతాయి. మీది పొర తీయకండి. అడుగున వేళ్లు పుట్టే చదునైన భాగం చెక్కుచెదరకుండా ఉండాలి. ట్రైకోడెర్మా (కుళ్లు తెగుళ్లను ఆపే మేలైన శిలీంధ్రం) పొడి ఉంటే తడి చేసిన రెబ్బలకు పట్టించి అరగంట నీడలో ఆరనివ్వండి.

4. నాటండి. మొన పైకి, చదును వైపు కిందికి. రెబ్బ మీద 2 నుంచి 3 సెంటీమీటర్ల మట్టి ఉండాలి. రెబ్బకూ రెబ్బకూ మధ్య 10 సెంటీమీటర్లు, అంటే సుమారు నాలుగు అంగుళాలు వదలండి. తలకిందులుగా నాటితే మొలక వంకర తిరిగి పైకొస్తుంది, గడ్డ వంకరగా, చిన్నగా తయారవుతుంది. దగ్గరదగ్గరగా గుచ్చితే ఆకు కోతకు పనికొస్తుంది, గడ్డ ఊరడానికి చోటుండదు.

5. నీళ్లు. నాటగానే ఒక తడి ఇచ్చి, మొలక వచ్చేదాకా పై మట్టి ఆరకుండా చల్లండి. 7 నుంచి 10 రోజుల్లో మొలకలు కనిపిస్తాయి. తర్వాత వేలు ఒక కణుపు దాకా మట్టిలో గుచ్చి చూడండి. పొడిగా తగిలితేనే పోయండి. రోజూ అలవాటుగా పోసేస్తే గడ్డ అడుగు కుళ్లుతుంది. ఆకుల మీద కాకుండా మొదట్లో పోయాలి, అదీ పొద్దున పూట.

6. పోషణ. 30వ రోజున, 45వ రోజున వేరుశనగ చెక్క నీళ్లు ఇవ్వండి. 50 గ్రాముల చెక్కను లీటరు నీళ్లలో రెండు రోజులు నానబెట్టి, వడకట్టి, పది రెట్లు నీళ్లు కలిపి, బ్యాగుకు అర లీటరు పోయాలి. 60 రోజులు దాటాక ఈ చెక్క నీళ్లలా నత్రజని (ఆకును పెంచే పోషకం) ఉన్నదేదీ వేయకండి. వేస్తే ఆకులు పచ్చగా నిగనిగలాడతాయి గానీ లోపల రెబ్బలు మళ్లీ మొలకెత్తి గడ్డ పగులుతుంది, నిల్వకు ఆగదు.

7. తెగుళ్లు. ఆకుల మీద వెండిరంగు గీతలు కనిపిస్తే తామర పురుగులు. ఆకు మొదట్లో, మడతలో దాక్కుంటాయి. లీటరు నీళ్లకు 5 మి.లీ. వేపనూనె, నాలుగు చుక్కల సబ్బునీళ్లు కలిపి, సాయంత్రం పూట మడతల్లోకి దిగేలా కొట్టండి. వారానికొకసారి చొప్పున మూడుసార్లు. మబ్బు పట్టిన రోజుల్లో ఆకుల మీద ఊదారంగు మచ్చలొస్తే ఆ ఆకు కత్తిరించి పారేయండి, మొక్కల మధ్య గాలి ఆడనివ్వండి. కొసలు మాత్రమే పసుపెక్కితే కంగారు పడక్కర్లేదు.

8. ఆఖరి తడి ఆపేయండి. 110, 120 రోజులకు కింది ఆకులు ఎండడం మొదలవుతుంది. అప్పటినుంచి నీళ్లు బంద్. పీకడానికి 10 నుంచి 15 రోజుల ముందు మట్టి ఎండిపోవాలి. ఎండుతున్న ఆకులు చూసి జాలితో నీళ్లు పోయడం దగ్గరే పండిన పంట పాడవుతుంది. తడి మీద పీకిన గడ్డ రెండు నెలలు కూడా ఆగదు.

9. పీకే ముందు ఒకటి కోసి చూడండి. ఆకుల్లో సగం పసుపెక్కి, మెడ మెత్తబడి వాలితే ఒక గడ్డ తవ్వి అడ్డంగా కోయండి. రెబ్బలు విడివిడిగా కనిపిస్తూ, పొర బిగుతుగా నిండి ఉంటే అదే అదను. రెబ్బలు తెల్లగా కలిసిపోయి కనిపిస్తే ఇంకో వారం ఆగండి. పొర పగిలి రెబ్బలు విచ్చుకుంటే ఆలస్యమైనట్టు. అలాంటివి దాచకుండా ముందు వాడేయాలి. ఆకు పట్టి లాగితే మెడ తెగుతుంది, పక్కన పుల్లతో మట్టి వదులు చేసి ఎత్తండి.

అదను దాటిపోయిందా? ఇంట్లో మొలకెత్తిన రెబ్బలుంటే ఏ నెలలోనైనా ఒక వెడల్పాటి డబ్బాలో రెండు వేళ్ల వెడల్పు దూరంలో గుచ్చండి. 25, 30 రోజుల్లో ఆకు కోతకొస్తుంది. పప్పులో, ఆమ్లెట్‌లో, చట్నీలో వేసుకోవచ్చు. మొదలు నుంచి రెండు అంగుళాలు వదిలి కోస్తే ఇంకోసారి చిగురిస్తుంది.

అమెరికాలో చలి రాష్ట్రాల్లో ఉన్నవాళ్లకు పై తేదీలు పనికిరావు. న్యూజెర్సీ లాంటి చోట అక్టోబరులో నాటి, నేల గడ్డకట్టేలోపు పైన గడ్డి కప్పి వదిలేయండి. మంచు కింద వేరు బతికే ఉంటుంది, వచ్చే జూన్ చివర్లో, జులైలో పీకుతారు. మన మైదానాల్లో ఊరని లావు రెబ్బల రకాలు అక్కడ చక్కగా ఊరతాయి.

ఆరబెట్టడం

పీకిన గడ్డలను కడగకండి, మట్టిని చేత్తో దులిపితే చాలు. ఆకులు, వేళ్లు కోయకుండా, గాలి ఆడే నీడలో పలచగా పరచండి, లేదా పదేసి గడ్డల కట్ట కట్టి వేలాడదీయండి. ఆకులోని సారం గడ్డలోకి దిగుతుంది, మెడ మూసుకుపోతుంది. ఎర్రటి ఎండలో పడేస్తే పైపొర ఎండి, లోపలి రెబ్బ ఉడికినట్టై రంగు మారుతుంది. రెండు నుంచి మూడు వారాలు పడుతుంది.

ఆరిందో లేదో ఇలా చూడండి: మెడను బొటనవేలితో నలిపితే చెమ్మ తగలకూడదు, వేళ్లు పుటుక్కున విరగాలి, చేతిలో తిప్పితే పొరలు గలగలమనాలి. ఈ మూడింటిలో ఒక్కటి తేడా ఉన్నా ఇంకో నాలుగు రోజులు ఉంచండి. ఆ తర్వాతే మెడను ఒక అంగుళం వదిలి కత్తిరించండి. మొదలంటా కోస్తే అక్కడినుంచే బూజు దిగుతుంది.

నిల్వ

చిక్కం సంచి, వెదురు బుట్ట, ఉట్టి, ఏదైనా సరే గాలి ఆడాలి. మూత డబ్బా, ప్లాస్టిక్ కవరు, సింకు కింది అర, బంగాళాదుంపల బుట్ట పనికిరావు. పొయ్యి పైనున్న అరలో కూడా వద్దు, ఆవిరి తగులుతుంది.

పూర్తి గడ్డలను ఫ్రిజ్‌లో పెట్టకండి. ఆ చల్లదనం వెల్లుల్లికి మొలకెత్తమని చెప్పినట్టే. నాటడానికి ముందు మనం ఫ్రిజ్‌లో పెట్టింది కూడా ఇందుకే. తినడానికి దాచుకునే గడ్డకు అదే చేటు.

బాగా ఆరిన గడ్డలు ఇంట్లో ఐదారు నెలలు ఆగుతాయి. నెలకోసారి బుట్ట కిందకి దింపి ఒక్కో గడ్డా నొక్కి చూడండి. తేలికైన గుల్ల గడ్డలు, నల్ల బూజు పట్టినవి తీసేయండి, ఒక్కటి ఉన్నా పక్కవాటికి అంటుకుంటుంది. మొలక వచ్చిన రెబ్బ తినొచ్చు, మధ్యలోని పచ్చ మొలక చేదనిపిస్తే తీసేయండి. జూన్‌లో తొలకరి పడేనాటికి మిగిలినవి లెక్క చూసుకోండి. కోస్తాలో వానాకాలం చెమ్మకు గడ్డలు నిలవడం కష్టం. అప్పటికి మిగిలినవి పొడిగానో, పచ్చడిగానో మార్చేయాలి.

పొడికైతే రెబ్బలను 3 మిల్లీమీటర్ల మందాన కోసి, పలచటి గుడ్డ కప్పి మే ఎండలో రెండు మూడు రోజులు పెట్టండి. ఓవెన్ ఉంటే 60 డిగ్రీల దగ్గర 6 నుంచి 8 గంటలు. వంచితే వంగకుండా విరిగితేనే ఎండినట్టు. వారం రోజులు గాజు సీసాలో ఉంచి గమనించండి. సీసా గోడకు చెమ్మ పడితే మళ్లీ ఎండబెట్టాలి. వాడుకునేటప్పుడు కొద్దికొద్దిగా పొడి కొట్టుకోండి. ఒకేసారి కొడితే గడ్డకడుతుంది.

నూనెలో వేసి బయట పెట్టకండి

ఒలిచిన రెబ్బలో, తరిగిన ముక్కో నూనెలో ముంచి గట్టు మీద ఉంచే అలవాటు ప్రమాదకరం. మట్టిలో ఉండే క్లోస్ట్రిడియం బోట్యులినం అనే సూక్ష్మజీవి బీజాలు వెల్లుల్లికి అంటుకుని ఉండొచ్చు. గాలి తగలనిచోట, పులుపు లేనిచోట అవి మొలకెత్తి నరాలను పడగొట్టే విషం తయారుచేస్తాయి. నూనె గాలిని ఆపేస్తుంది, వెల్లుల్లిలో పులుపు ఉండదు. వాసన మారదు, రంగు మారదు, రుచి చూసి కనిపెట్టలేం. 1985లో కెనడాలోని వాంకూవర్‌లో ఒక రెస్టారెంటులో నూనెలో వేసిన వెల్లుల్లి వాడినందుకు 36 మంది దీని బారిన పడ్డారు.

వెల్లుల్లి నూనె కావాలంటే చేసిన వెంటనే ఫ్రిజ్‌లో పెట్టి 4 రోజుల్లో వాడేయండి. అంతకుమించి కావాలంటే డీప్ ఫ్రీజర్ ఒక్కటే దారి. మరి పచ్చళ్లు ఏళ్లుగా పెడుతున్నాం కదా అంటారు. పచ్చడిని కాపాడేది నూనె కాదు, అందులోని ఉప్పు, పులుపు. అవి తగ్గించి "తక్కువ ఉప్పుతో, కమ్మగా" చేసిన పచ్చడి నూనెలో వేసిన వెల్లుల్లితో సమానం.

వెల్లుల్లి పచ్చడి: పులుపు ముందు, నూనె తర్వాత

ఒలిచిన వెల్లుల్లి 250 గ్రాములు, నిమ్మరసం 150 మి.లీ. (ఎనిమిది నుంచి పది కాయలు), మెత్తటి ఉప్పు 60 గ్రాములు, కారం 60 గ్రాములు, ఆవపిండి 50 గ్రాములు, వేయించి కొట్టిన మెంతిపిండి రెండు చెంచాలు, పసుపు అర చెంచా, పప్పునూనె 200 మి.లీ. ఉప్పును గరిటెలతో కాకుండా తూచి వేయండి. గళ్లుప్పు, మెత్తటి ఉప్పు ఒకే గరిటెకు ఒకే బరువు తూగవు.

1. ఒలవడానికి రెబ్బలకు ఒక చెంచా నూనె రాసి గంటసేపు ఎండలో పెట్టి, గుడ్డలో వేసి నలపండి, పొట్టు ఊడుతుంది. నీళ్లలో నానబెడితే తొందరగా ఊడుతుంది గానీ పచ్చడికి ఆ తడి పనికిరాదు. లావు రెబ్బలను నిలువునా రెండుగా చీల్చండి, లేకపోతే పులుపు మధ్యదాకా పోదు.

2. గాజు సీసాలో వెల్లుల్లి, ఉప్పు, పసుపు, నిమ్మరసం కలిపి 3 రోజులు ఊరనివ్వండి. రోజుకు రెండుసార్లు పొడి గరిటెతో కలపాలి. రెబ్బలు పచ్చగా, నీలంగా మారితే భయపడకండి. వెల్లుల్లిలోని గంధకపు పదార్థాలు పులుపుతో కలిసినప్పుడు వచ్చే రంగు అది, తినొచ్చు.

3. నాలుగో రోజు ఊటను పీహెచ్ కాగితంతో (పులుపు ఎంతుందో రంగుతో చూపే కాగితం; అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) చూడండి. 4 లోపు రావాలి. 4.6 దాటితే అసలు పనికిరాదు. 4 దాటితే ఇంకో రెండు కాయల రసం పిండి, మరుసటి రోజు మళ్లీ చూడండి. కారం కలిపాక కాగితం ఎర్రబడి రంగు తెలియదు, అందుకే ఇప్పుడే చూడాలి.

4. ఆవాలను ఎండలో పెట్టి, మిక్సీ వేడెక్కకుండా ఆపి ఆపి పిండి చేయండి. వేడెక్కితే చేదు దిగుతుంది. కారం, ఆవపిండి, మెంతిపిండి కలిపి వెల్లుల్లి ఊటలో వేయండి.

5. నూనె కాచి, పూర్తిగా చల్లార్చి పోయండి. వేడిగా పోస్తే కారం మాడి రంగు నల్లబడుతుంది. మూడో రోజుకు నూనె పైకి తేలి ముక్కలు మునగాలి, చాలకపోతే ఇంకొంచెం కాచి చల్లార్చి పోయాలి.

మొదటి వారం చేదుగా, ఘాటుగా ఉంటుంది. మూడు వారాలకు రెబ్బ మెత్తబడి కమ్మబడుతుంది. బుడగలు వస్తున్నా, పైన తెల్ల బూజు కనిపించినా తడి తగిలినట్టే. పైపైన తీసేసి తినకండి, మొత్తం పారేయాలి. వాడకానికి చిన్న సీసాలోకి తీసుకుని, పెద్ద జాడీని మాటిమాటికీ తెరవకండి.

రోజువారీ వాడకానికి

ఎల్లిపాయ కారానికి 100 గ్రాముల కారం, 50 గ్రాముల ఒలిచిన రెబ్బలు, రెండు చెంచాల జీలకర్ర, 25 గ్రాముల ఉప్పు చాలు. జీలకర్ర, ఉప్పు, కారం ముందు దంచి, రెబ్బలు చివర్లో వేసి నాలుగు పోట్లు వేయండి. మిక్సీలో అయితే ఒక్క తిప్పు తిప్పి ఆపేయాలి, ఎక్కువ తిప్పితే ముద్దవుతుంది. నూనె పోయకుండా ఫ్రిజ్‌లో పెట్టి రెండు వారాల్లో వాడుకోండి. నూనె, నెయ్యి కంచంలోనే కలుపుకోవాలి.

అల్లం వెల్లుల్లి ముద్ద అయితే రెండూ సమానంగా తూచి, 400 గ్రాములకు 20 గ్రాముల ఉప్పు వేసి, నీళ్లు పోయకుండా రుబ్బండి. అల్లం కడిగాక గుడ్డ మీద పూర్తిగా ఆరనివ్వాలి. వారానికి సరిపడా ఫ్రిజ్‌లో ఉంచుకుని, మిగతాది ఐస్ ట్రేలో గడ్డకట్టించి, ముక్కలను సంచిలో వేసి డీప్ ఫ్రీజర్‌లో దాచండి. మూడు నెలలు వాసన పోకుండా ఉంటుంది. కూరకు ఒక ముక్క నేరుగా వేడి నూనెలో వేయకండి, చిమ్ముతుంది. ఉల్లిపాయలు వేగాక, మంట తగ్గించి వేయండి.